గుండు మిరపకాయ ఆక్సిజన్

విరుదునగర్‌లోని ఒక బాలికల పాఠశాల నుంచి వచ్చిన కబురులో రెండే వాక్యాలున్నాయి. బుధవారం పొద్దున పదకొండు గంటలకు డెమో క్లాసు: పదకొండో తరగతి, ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫంక్షనల్ గ్రూపులను గుర్తుపట్టడం, బంధాలలో ధ్రువత, ఇరవై నిమిషాలు. సర్టిఫికెట్ల ఒరిజినల్స్ తీసుకురావాలి.

కోవిల్‌పట్టిలో మా వంటింటి గడప మీద కూర్చుని, ఒక చేత్తో కూతురి నోట్లోంచి చెప్పు వారు లాగుతూ, రెండో చేత్తో ఫోన్ పట్టుకుని ఆ కబురు చదివాను. చెప్పు వారు బయటికొచ్చింది. కూతురు ఏడ్చింది. ఆ చెప్పు తయారైన ప్లాస్టిక్‌లో ఏముంటుందో నాకు తెలుసు కాబట్టి నేనూ దాదాపు ఏడ్చాను.

ఇది నా మూడో డెమో. మొదటి రెండూ బాగానే జరిగాయి. పాఠం అయ్యాక పెద్దవాళ్ళు తలలూపారు, టీ ఇచ్చారు, సర్టిఫికెట్లు తిరగేశారు. చివర్లో రెండు చోట్లా ఒకటే ప్రశ్న వేశారు.

"పిల్లలున్నారామ్మా?"

"ఒక పాప సార్. ఏడాదిన్నర."

"సరేమ్మా. ఫోన్ చేస్తాం."

ఫోన్ రాలేదు. నాకు ఆశ్చర్యమేమీ కలగలేదు. నేను చెప్పొచ్చిన పాఠమే అది. కార్బన్ గొలుసు ఎంత పొడుగున్నా, అణువు ఎలా ప్రవర్తిస్తుందో చెప్పేది దాని కొసన వేలాడే చిన్న గుంపు. అక్కడ ఆక్సిజన్, హైడ్రోజన్ జంటగా ఉంటే ఆల్కహాల్ అంటాం, గొలుసును లెక్కపెట్టం. నా గొలుసు పొడుగైనదే. బీఎస్సీ ఫస్ట్ క్లాస్, తిరుపతిలో ఎమ్మెస్సీ, ఆ తర్వాత బీఎడ్. కొసన ఏడాదిన్నర పాప. వాళ్ళు నన్ను గుర్తుపట్టడానికి అరనిమిషం కూడా పట్టలేదు. మంచి కెమిస్ట్రీ తెలిసినవాళ్ళే.

ఈసారి రాకపోతే ఇక ఆపేద్దామని ఇంట్లో తీర్మానం అయిపోయింది. మావారు కయత్తారులో గాలిమరల మరమ్మతు చేసే ఇంజనీరు. మాట మెత్తగా చెప్తారు కానీ, చెప్పాక మార్చరు. "పాప ఎల్‌కేజీలో చేరాక చూద్దాం" అన్నారు. అంటే ఇంకా రెండున్నరేళ్ళు. ఇప్పటికే నా కాగితాల్లో రెండేళ్ళ ఖాళీ ఉంది. అది నాలుగున్నర అయ్యాక, ఆ ఖాళీయే రెండో ఫంక్షనల్ గ్రూప్ అవుతుంది. రెండు గుంపులున్న అణువును ఎవరూ ఇంటికి తీసుకెళ్ళరు. కాబట్టి ఆ బుధవారం నాకు ఎంత ముఖ్యమో నాకు, నా తలగడకు తెలుసు.

నిజం రాయాలి కదా. ఉద్యోగం రాదేమోనని నాకు భయం. వస్తే పాపను వదిలి పోవాలని భయం. రెండు భయాలూ ఎదురెదురుగా సమానంగా లాగితే మొత్తం సున్నా కావాలి. కార్బన్ డయాక్సైడ్‌లో అలాగే అవుతుంది: చెరో పక్క ఒక ఆక్సిజన్ లాగుతుంది, నడుమ కార్బన్ నిమ్మళంగా ఉంటుంది. నాకు అలా కాలేదు. నేను నీటి అణువులా కాస్త వంగి ఉన్నానేమో, రెండు లాగుళ్ళూ కలిసి ఒకే పక్కకు తోశాయి. ఆ పక్కన అరిగించే మాత్రలున్నాయి.

పాప పుట్టాక నేను చదివినవన్నీ సీసాల వెనక అక్షరాలే. పిల్లల లోషన్, పిల్లల సబ్బు, పిల్లల పౌడర్. చీమ తల కంటే చిన్న అక్షరాల్లో రాసిన ప్రతి పేరులోనూ ఈస్టర్ ఎక్కడుంది, ఈథర్ ఎక్కడుంది, ఫినాల్ ఎక్కడ నక్కింది అని వెతికేదాన్ని. ఏదీ పాపను ఏమీ చేయదని నా చదువే నాకు చెప్పేది. ఆ మాట నమ్మకుండా ఉండటానికి కూడా ఆ చదువే పనికొచ్చేది. చివరికి సీసాలన్నీ బీరువా పైకెక్కించి, పాప ఒంటికి నువ్వుల నూనె రాసేదాన్ని. మా అత్త మొదటి రోజు నుంచీ చెప్తున్నదీ అదే.

అత్త అంటే నిజంగానే అత్త. మా నాన్నకు అక్క. మా వాళ్ళల్లో మేనరికాలు ఇంకా పోలేదు. అందుకే ఆమెను నేను నువ్వు అనే అంటాను, ఆమె నన్ను పుట్టినప్పటి నుంచీ తిడుతోంది. ఇద్దరిదీ నాగలాపురమే, నల్లరేగడి, వానొస్తే మిరప, రాకపోతే ఆకాశం. ఇంట్లో మాట్లాడేది తెలుగు. గడప దాటితే తమిళం. చదువుకున్నది ఇంగ్లీషు. తెలుగు రాయడం నాకు తిరుపతి హాస్టల్లో వచ్చింది. అక్కడి అమ్మాయిలు నేను నోరు తెరిస్తే నవ్వేవాళ్ళు, వాళ్ళ అమ్మమ్మ మాట్లాడినట్టుందని. ఇప్పుడు కూతురు నిద్రపోయాక రాసుకోవడానికి ఆ నవ్వులే పెట్టుబడి.

డెమోకు అణువుల నమూనాలు కావాలి. బోర్డు మీద గీతలు గీస్తే ఆడపిల్లలు ఆవలిస్తారని మొదటి డెమోలోనే తెలుసుకున్నాను. రంగు గోళీల పెట్టె మదురైలో దొరుకుతుంది, మూడు రోజుల్లో తెప్పించలేం. మా ఊరి వైపు ఏ ఇంట్లోనైనా దొరికే వస్తువు ఒకటుంది: మందు అంటని అగ్గిపుల్లలు. కుచ్చి అంటారు. మా అత్త కాపురానికొచ్చిన కొత్తలో ఏళాయిరంపన్నైలో ఉన్నప్పుడు, అగ్గిపెట్టెల కంపెనీ వాళ్ళు చెక్క చట్టాలు ఇంటికే పంపేవాళ్ళు. వాటి గాడుల్లో ఒక్కో పుల్లా పేర్చి ఇవ్వాలి. ఇరవై ఏళ్ళు ఆ పని చేసింది. ఇప్పటికీ ఆమె వేళ్ళు ఊరికే ఉండలేవు, ఏ కొంగు అంచైనా పట్టుకుని పేరుస్తూనే ఉంటాయి.

నల్ల శనగలు నానబెట్టాను, కార్బన్‌కు. తెల్ల బఠాణీలు నానబెట్టాను, హైడ్రోజన్‌కు. ఆక్సిజన్ ఎర్రగా ఉండాలి. ప్రపంచంలో ఏ ల్యాబులోనైనా ఆక్సిజన్ గోళీ ఎరుపే. వంటిల్లంతా వెతికాను. ఎర్రగా, గుండ్రంగా, గోలీకాయంత ఉన్న వస్తువు మా ఇంట్లో ఒకటే దొరికింది. మా సొంత చేలో పండిన గుండు మిరపకాయ.

ఎండు మిరపకాయకు పుల్ల గుచ్చితే పగిలి గింజలు రాలాయి. అత్త చూసి, "నీళ్ళల్లో ఏసి తియ్యే. మెత్తబడితే గుచ్చుకుంటుంది. ఇది గూడా తిరుపతిలో చెప్పలేదా?" అంది. నానేశాం. గుచ్చుకుంది.

మంగళవారం సాయంత్రం, దీపాలు పెట్టే వేళకు, అత్తా నేనూ వసారాలో కూర్చున్నాం. పాప ఉయ్యాల్లో ఉంది. నేను అత్తకు సూత్రం చెప్పాను. "నల్లదానికి నాలుగు పుల్లలు. తెల్లదానికి ఒకటి. ఎర్రదానికి రెండు. ఏదీ ఖాళీగా ఉండకూడదు."

"ఇంతేనా?"

"ఇంతే."

"ఇంతదానికేనా మీ నాయన రెండేళ్ళు తిరుపతికి పంపించింది?"

పది నిమిషాల్లో ఆమె ఆరు ఇథనాల్ అణువులు కట్టేసింది. నేను రెండు. ఆమెవి ఒకదానికొకటి అచ్చుగుద్దినట్టున్నాయి. ఏడోదాని దగ్గర ఆగింది. ఎర్రదాన్ని కొసన కాకుండా రెండు నల్లవాటి నడుమ పెట్టింది.

"అది తప్పు అత్తా."

"యాల తప్పు? నల్లవి రెండు, తెల్లవి ఆరు, ఎర్రది ఒకటి. లెక్క సరిగ్గా ఉండాది గదా."

"లెక్క సరే. కానీ అది వేరే వస్తువు. ఇది మద్యంలో ఉండేది. నువ్వు కట్టింది ఈథర్. ద్రవం కూడా కాదు, వాయువు."

అత్త రెండింటినీ చెరో చేతిలో పట్టుకుని దీపం వైపు తిప్పింది. "అవే గింజలు, అవే పుల్లలు. కూర్చునే చోటు మారితే సారాయి కాస్తా గాలైపోతుందా!" అని, రెండింటినీ పళ్ళెంలో పెట్టి, "మన ఇంట్లో మాదిరే" అంది. ఎవరి గురించి అన్నదో చెప్పలేదు.

ధ్రువత చెప్పడం కష్టమైంది. రెండు పరమాణువులు ఎలక్ట్రాన్లను పంచుకుంటాయి, కానీ సమంగా కాదు, ఆక్సిజన్ తన వైపు లాక్కుంటుంది, అందుకే అటు కాస్త రుణం, ఇటు కాస్త ధనం అన్నాను. ఆమె ముఖంలో ఏమీ కదల్లేదు. అప్పుడు మా పడకగదిలో బల్ల ఫ్యాను గుర్తొచ్చింది.

"అత్తా, ఫ్యాను ఒకటి, మనుషులు ఇద్దరు. అది తల తిప్పుతుంటే ఇద్దరికీ గాలి సమంగా వస్తుంది. ఒకాయన లేచి వెనక మీట నొక్కి, తన వైపే ఆపేశాడనుకో. ఫ్యాను ఇద్దరిదే. గాలి?"

"గాలి మొగుడిది" అంది అత్త, ఒక్క క్షణం ఆలోచించకుండా. "మీ మామ గూడా అంతే. పోయేదాకా ఆ మీట నాకు చూపించనే లేదు."

రేపు క్లాసులో ఇదే చెప్పాలని నిర్ణయించుకున్నాను. నాకు చాలా సంతోషంగా ఉంది. అందుకే జరిగింది అలా జరిగింది.

పాప నిద్రలేచి గుక్కపట్టింది. నేను పరుగెత్తి ఎత్తుకున్నాను. ముక్కు కారుతోంది. చేత్తో తుడిచాను. పాప గిన్నెలు మరిగించి మరిగించి పెట్టేదాన్ని, ఎవరైనా ముద్దు పెట్టుకుంటే పక్కకు తీసుకెళ్ళి బుగ్గ తుడిచేదాన్ని, రెండు గంటలుగా నానిన గుండు మిరపకాయలు గుచ్చుతున్న చేత్తో నా కూతురి ముక్కు, పెదాలు, బుగ్గలు బాగా తుడిచాను.

ఆ అరుపును ఇక్కడ రాయలేను. బుగ్గలు మిరపకాయ రంగులోకి వచ్చాయి. నేను స్నానాల గదికి ఉరికి నీళ్ళు పోశాను, మళ్ళీ పోశాను. నీళ్ళు కారిన చోటల్లా ఎరుపు కిందికి పాకింది. మెడ దాకా వచ్చింది. ఇంకా పోస్తూనే ఉన్నాను. మిరపకాయ మంట అణువుకు ఒక కొసన ఫినాల్, నడుమ ఎమైడ్, మిగతా అంతా పొడుగాటి కార్బన్ తోక. ఆ తోక నీళ్ళను దగ్గరికి రానివ్వదు, నూనెలోకైతే సంతోషంగా పోతుంది. ఇది నా రేపటి పాఠంలో పదిహేడో నిమిషం. నోట్సులో ఎర్ర ఇంకుతో గీత కూడా గీసుకున్నాను. చేతులకు మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

గుర్తొచ్చేసరికి ఐదారు చెంబులు అయిపోయాయి. నా చేతులు సబ్బుతో కడుక్కుని, దూదిని నువ్వుల నూనెలో ముంచి పాప బుగ్గలు అద్ది, తర్వాత సబ్బు నీళ్ళతో కడిగాను. పది నిమిషాలకు అరుపు ఏడుపైంది, ఏడుపు వెక్కిళ్ళైంది. కళ్ళలోకి పోలేదు. ఆ రోజు దేవుడికి నేను చెప్పుకున్న కృతజ్ఞతలన్నీ ఆ ఒక్కదానికే.

ఈలోగా అత్త తన వైద్యం మొదలుపెట్టింది. బిడ్డ అట్లా గుక్కపట్టి అరిస్తే దిష్టి తీయాలి. కల్లుప్పు పిడికిట్లోకి తీసుకుంది. మిరపకాయలు కావాలి. డబ్బా వంటింట్లో పై అరలో ఉంది, పళ్ళెం కాళ్ళ దగ్గరే ఉంది. నా ఆక్సిజన్లన్నీ పుల్లలు పీకి పిడికిట్లో వేసుకుంది. పాప చుట్టూ మూడుసార్లు తిప్పి, ఉమ్మమంది, పాప ఉమ్మలేదు, నన్ను ఉమ్మమంది. పెరట్లో నీళ్ళు కాగే పొయ్యిలో పడేసింది.

మా వైపు అందరికీ తెలిసిన పరీక్ష ఇది. మిరపకాయలు కాలి ఘాటుకు అందరూ దగ్గితే దిష్టి లేనట్టు. ఎంత కాలినా ఘాటు రాకపోతే గట్టి దిష్టి తగిలినట్టు.

రెండు గంటలు నానిన మిరపకాయలు నిప్పుల మీద బుస్సుమన్నాయి. ఆవిరి వచ్చింది. నిప్పు సగం ఆరింది. ఘాటు లేదు. తుమ్ము కూడా రాలేదు.

అత్త పొయ్యి ముందు నిలబడిపోయింది. "చూడు. చూడే! ఇంత పిడికెడు కాల్చినా చిటికెడు ఘాటు లేదు. నా ఎరుకలో ఇంత దిష్టి చూడలేదు."

"అవి తడిగా ఉన్నాయి అత్తా. నానబెట్టింది మనమే కదా."

"నానితే మిరపకాయ మిరపకాయ కాకుండా పోతుందా?"

ఎమ్మెస్సీ చదివినదాన్ని. వాదించకూడదు, ప్రయోగం చేయాలి. వంటింట్లోకి వెళ్ళి డబ్బా దించి, నాలుగు ఎండు మిరపకాయలు తెచ్చి, ఎవరి చుట్టూ తిప్పకుండా పొయ్యిలో వేశాను. క్షణంలో ఘాటు లేచింది. ఇద్దరం దగ్గి దగ్గి గోడ పట్టుకున్నాం. పక్కింట్లో ఎవరో తుమ్మారు. కళ్ళ నీళ్ళతో, గెలుపుతో, అత్త వైపు చూశాను.

అత్త కొంగుతో ముక్కు తుడుచుకుంది. "అదే నేను గూడా చెప్పేది. వాటిని బిడ్డ చుట్టూ తిప్పలేదు. దిష్టి లేదు. అందుకే ఘాటు వచ్చింది."

నా ప్రయోగంలో లోపం నాకు అప్పుడు కనిపించింది. సరైన పోలిక కావాలి. పళ్ళెం కింద దొర్లిపోయిన తడి మిరపకాయ ఒకటి దొరికింది. దాన్ని కూడా ఎవరి చుట్టూ తిప్పకుండా వేశాను. బుస్సుమంది. ఘాటు లేదు.

"చూశావా? దీన్ని తిప్పలేదు, అయినా రాలేదు. తడే కారణం."

అత్త ఈసారి కాస్త ఆలోచించింది. నాకు ఆశ కలిగింది.

"దాన్ని నువ్వు సాయంత్రం నుంచీ రెప్ప ఆర్పకుండా చూస్తాండావు గదే" అంది. "దానికి నీ దిష్టే తగిలుండాది."

ఏ పరిశోధన పత్రికలోనూ ఇంత గట్టి సిద్ధాంతం నేను చదవలేదు. అనుకూలమైన ఫలితమూ దాన్నే నిరూపిస్తుంది, వ్యతిరేకమైనదీ దాన్నే నిరూపిస్తుంది. నేను నవ్వేదాన్నే. కానీ అత్త అక్కడితో ఆగలేదు. పాపను నా చంకలోంచి తీసుకుని, నెమ్మదిగా, తిట్టకుండా అంది, "రేపు పోవద్దు. బిడ్డను వదిలి పోవాలని నువ్వు అనుకున్నావు, ఈ పొద్దే తగిలింది. నేను చూసుకోను. నాకు భయంగా ఉండాది."

అత్త తిడితే నాకు భయం లేదు. ఆమెకు భయంగా ఉందంటే, ఆ ఇంట్లో భయపడేది నేనొక్కదాన్నే కాదని తెలిసింది. మావారికి ఫోన్ చేశాను. గాలిమర మీద ఉన్నారు, గాలి తప్ప ఏమీ వినిపించలేదు. అమ్మ చెప్పినట్టు చెయ్యి అన్నట్టున్నారు. లేకపోతే, నీకు తోచినట్టు చెయ్యి అన్నారో.

అన్నం తినేటప్పుడు అత్తే మళ్ళీ మొదలుపెట్టింది. "మూడోది గూడా పోగొట్టుకుంటే రెండున్నరేళ్ళు నా ముఖమే చూస్తా కూర్చుంటావు."

"అవును."

"ఆ సీసాలు చదువుకుంటా."

"అవును."

"బిడ్డను వదిలి పోతే గదా దిష్టి. బిడ్డను తీసుకొనే పోదాం. నేను గూడా వస్తా. ఆ బడి వాకిట్లో కూర్చుంటా."

నేను పళ్ళెంలోకి చూశాను. ఈసారి పాప సంగతి ఎత్తకూడదని వారం నుంచీ సాధన చేశాను. అడిగితే "మా అత్తగారు చూసుకుంటారు, ఏ ఇబ్బందీ లేదు" అని ఒక్క ఊపిరిలో చెప్పి, మాట మార్చాలి. ఇప్పుడు ఆ అత్తగారే, ఆ పాపతో సహా, బడి వాకిట్లో. అయినా సరేనన్నాను. ఇంకేమనను?

మిరపకాయలు ముట్టుకునే ధైర్యం ఇంక నాకు లేదు. తెల్ల బఠాణీలకు కుంకుమ పూసి ఆక్సిజన్ చేశాను. పొద్దున ఎనిమిదింటికి సాత్తూరు మీదుగా పోయే బస్సెక్కాం. నా ఒళ్ళో అణువుల డబ్బా, అత్త ఒళ్ళో పాప. దారి పొడవునా పాప బుగ్గలు చూస్తూనే ఉన్నాను. మామూలుగానే ఉన్నాయి.

బడిలో మమ్మల్ని ముందుగా కలిసింది హెడ్ మిస్ట్రెస్. అత్తను, పాపను చూసింది. పాప ఆమె కళ్ళజోడు చూసింది. "రండి" అంది తమిళంలో, మరేమీ అనలేదు. క్లాసులో వెనక బల్ల మీద ఆమె, ఒక పెద్ద కెమిస్ట్రీ టీచర్, కరస్పాండెంట్ కూర్చున్నారు. ముందు నలభై మంది ఆడపిల్లలు, రెండేసి జడలు, ఆవలింతకు సిద్ధంగా.

నేను డబ్బా తెరిచి ఇథనాల్ తీశాను. శనగలు చూడగానే ముందు బల్ల పిల్ల, "మిస్, తినొచ్చా?" అంది. బాగానే మొదలైంది. ఫ్యాను కథ చెప్పాను. మా ఇల్లని చెప్పలేదు, తెలిసినవాళ్ళిల్లు అన్నాను. మీట ఎవరు నొక్కుతారని అడిగితే నలభై మందీ ఒకే జవాబు చెప్పారు. కరస్పాండెంట్ ఎందుకో తన వాచీ చూసుకున్నారు. కార్బన్ మీద ధనం, ఆక్సిజన్ మీద రుణం అని వాళ్ళే నోటితో చెప్పారు. అప్పుడు వాకిట్లోంచి ఏడుపు వినిపించింది.

నా ఏడుపే అది. అంటే, నా కూతురిది. నలభై మంది పిల్లలు ఏడ్చినా అందులో దాన్ని గుర్తుపట్టగలను. ఒక వాక్యం మధ్యలో ఆగిపోయింది. మళ్ళీ అందుకున్నాను. ఎసిటిక్ ఆమ్లం నమూనా చేతిలోకి తీసుకున్నాను: రెండు శనగలు, మొదటిదానికి మూడు తెల్లవి, రెండోదానికి ఒక ఎర్ర బఠాణీ రెండు పుల్లలతో, ఇంకో ఎర్ర బఠాణీ ఒక పుల్లతో, దాని కొసన తెల్లది. ఏడుపు దగ్గరైంది. గుమ్మంలో అత్త నిలబడింది, ముఖంలో క్షమాపణ లేదు. "నీ గొంతు వినిపిస్తాండాది. ఊరుకోవడం లేదు" అంది తెలుగులో, అందరూ వింటుండగా.

పాప అప్పటికే కింద దిగి నడిచొచ్చేసింది. చేతులు చాపింది. ఎత్తుకోక తప్పలేదు. ఎత్తుకోగానే ఏడుపాపి, నా చేతిలోని ఆమ్లాన్ని చూసి, ఎర్ర బఠాణీని పట్టుకుని పీకింది. ఎర్రది, దానికి అతుక్కున్న తెల్లది, రెండూ కలిసి ఊడొచ్చాయి. నోట్లోకి పోతుండగా వేలు పెట్టి రెండూ లాగేశాను. పాప పెదవులు కుంకుమైపోయాయి. గొంతుకు అడ్డం పడితే ఏం చేయాలో నా మనసు మూడు పద్ధతులు వరసగా చూపించింది.

మూడో వరస పిల్ల ఒకతె, ఎందుకనో లేచి నిలబడి, "మిస్, ఇప్పుడది ఆసిడ్ కాదు" అంది.

"ఎందుకు కాదు?"

"పాప ఓహెచ్ పీకేసింది."

"మిగిలింది ఏమిటి?"

"డబుల్ బాండ్ ఆక్సిజన్. కార్బొనైల్." పక్కపిల్ల అందుకుంది, "కార్బన్‌కు ఒక పుల్ల ఖాళీగా ఉంది మిస్. అక్కడ తెల్లది పెడితే ఆల్డిహైడ్." "నల్లది పెడితే కీటోన్!" వెనక నుంచి ఇంకో పిల్ల అరిచింది. పాపను చంకలో ఉంచుకునే ఖాళీ పుల్లకు ఒకసారి తెల్లది, ఒకసారి నల్లది, దానికి మూడు తెల్లవి గుచ్చి చూపించాను. ఇరవై నిమిషాలు అయిపోయి ఐదు నిమిషాలైందని ఎవరూ గంట కొట్టలేదు. ఒక ఆవలింత కూడా రాలేదు. పాప మాత్రం ఆవలించింది.

ఆఫీసు గదిలో కరస్పాండెంట్ నా కాగితాలు తిరగేశారు. అలవాటు చొప్పున అడిగారు, "పిల్లలున్నారామ్మా?" పాప నా ఒళ్ళోనే ఉంది, ఆయన పెన్ను మూత నములుతూ. హెడ్ మిస్ట్రెస్ కిటికీ వైపు తిరిగింది.

"ఉంది సార్."

"ఎవరు చూసుకుంటారు?"

నేను సాధన చేసిన జవాబు నోటిదాకా వచ్చింది. దాన్ని చెప్పడానికి వీల్లేకుండా ఆ అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంది. "ఇంకా తేలలేదు సార్. మా అత్తకు నిన్న భయమేసింది. నాకు రోజూ వేస్తుంది" అన్నాను.

ఆయన కాగితాలు మూశారు. ఫోన్ చేస్తామన్నారు. లేస్తుంటే ఆ పెద్ద టీచర్ నాతో గుమ్మం దాకా వచ్చి, ఖాళీ ఎలా ఏర్పడిందో మాటవరసకు చెప్పింది. అక్కడి ఇంకో కెమిస్ట్రీ టీచరుకు పోయిన వారం బిడ్డ పుట్టింది. ఆర్నెల్లు సెలవు. ఆ సెలవు నింపడానికే, చిన్నపిల్లలు లేని మనిషి కోసం, వాళ్ళు నెల రోజులుగా వెతుకుతున్నారు.

బస్సులో అత్తకు ఆ సంగతి చెప్పాను. ఆమె పాపను ఇంకో తొడ మీదికి మార్చుకుని, "ఆ పిల్లకు ఏం బిడ్డ?" అంది. నాకు తెలియదు. అడగలేదు.

శనివారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. చేసింది హెడ్ మిస్ట్రెస్సే. ఆర్నెల్లకు మాత్రమే, సోమవారం నుంచి రావాలి అంది. ఫోన్ పెట్టేసి వసారాలో నిలబడ్డాను. అత్త ఉయ్యాల ఊపుతోంది. చెప్పాను. ఆర్నెల్లే అని కూడా చెప్పాను. ఆమె ఏమంటుందో దాని మీదే అంతా ఆధారపడి ఉందని ఇద్దరికీ తెలుసు. పొయ్యి దగ్గరి మాట ఆమె ఇంకా వెనక్కి తీసుకోలేదు.

"సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది రాహుకాలం" అంది.

రాలేనని హెడ్ మిస్ట్రెస్‌కు ఎలా చెప్పాలా అని అప్పుడే మాటలు పేర్చుకుంటున్నాను.

"ఏడు లోపల బస్సెక్కు" అంది. "పాలు ఎప్పుడు, బువ్వ ఎప్పుడు, ఏ గుడ్డ తడిపి పెట్టాలా, అంతా కాయితంలో రాయకు. నాకు చదువు రాదు. నోటితో చెప్పు. ఒకసారి చెప్తే చాలు."

నిన్న చెప్పాను. ఒకసారి కాదు, ఆరుసార్లు. ఆరోసారి ఆమె లేచి పోయి గొడ్లకు నీళ్ళు పెట్టుకుంది. ఈ రోజు ఆదివారం. చీర తీసిపెట్టాను, టిఫిన్ డబ్బా కడిగాను. పాప పక్కన పడుకుని ఉంది, ఒక కాలు నా మీద వేసి. ఐదున్నరకు లేవాలంటే ఆ కాలిని నేనే తీయాలి. పాప నిద్ర లేవకుండా ఎలా తీయాలో ఇంకా తెలియడం లేదు.